ఆవు పొదుగులోంచి వచ్చిన ఏరు

రండర్రా, ఇలా అరుగు మీద కూర్చోండి. గెడ్డలకి పేర్లు ఎవరు పెడతారు తాతా అని పొద్దున్న చిన్నోడు అడిగాడు. ఏ ఆఫీసులోనూ ఎవరూ కూర్చుని పెట్టరురా. ఆ నీళ్లతో పనున్నవాళ్ల నోట్లోంచే వస్తాయి. కొండ దిగొచ్చే చిన్న ఏటిని మనవైపు గెడ్డంటాం, సీమలో వంకంటారు, తెలంగాణలో ఒర్రె అంటారు. పాచిపెంట దగ్గర పెద్దగెడ్డ ఉంది. జియ్యమ్మవలస వైపు వట్టిగెడ్డ ఉంది. పేరు వింటే చాలు, దాన్ని నమ్ముకుని నాట్లు వెయ్యాలో వద్దో రైతుకి తెలిసిపోతుంది!

గోస్తని మాత్రం వేరే తరహా. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లో దూరి బయటపడి, తాటిపూడి, జామి మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో పడుతుంది. మొత్తం కలిపితే 120 కిలోమీటర్లు ఉంటుందేమో. గోదావరి 1,465 కిలోమీటర్లు నడుస్తుంది, దాని ముందు ఇదెంత? అయినా పేరు చూడండి, ఆవు పొదుగట! కొండమీదోళ్లు చెప్పే కథ ఒకటుంది. మేతకెళ్లిన ఆవు పైనున్న కంతలోంచి గుహలోకి పడిపోయింది. వెతుక్కుంటూ కిందకి దిగిన కాపరికి లింగంలాంటి రాయి, దాని మీద ఆవులాంటి రాయి కనిపించాయి. ఆ ఆవు పొదుగులోంచే ఏరు పుట్టిందన్నారు.

కథే కదా అని కొట్టిపారెయ్యకండి. ఆ చూపులో నిజం ఉంది. గుహ లోపలికెళ్లి తల పైకెత్తితే కప్పునిండా రాతి చన్నులు వేలాడుతుంటాయి. కొన్నిటి కొసన నీటిబొట్టు కూడా ఉంటుంది, ఇప్పుడో ఇంకాసేపటికో జారడానికి. ఆ రాళ్లెలా వచ్చాయంటారా? వానచినుకు గాలిలోంచి కాస్త బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని దిగుతుంది. గోలీసోడాలో బుసబుసమనేది అదే. అడవిలో ఆకులు కుళ్లే మట్టిలోంచి ఇంకేటప్పుడు ఇంకా బోలెడు కలుపుకుంటుంది. దాంతో నీటికి పిసరంత పులుపొస్తుంది. ఆ కొండలో ఉన్నది సున్నపురాయి. పులుపు తగిలితే ఊరుకుంటుందా? కొంచెం కొంచెంగా కరిగి నీళ్లతో పోతుంది. వేల ఏళ్లు, లక్షల ఏళ్లు అలా పోగా పోగా మిగిలిన బొక్కే గుహ.

మరి కరిగిన సున్నం ఏమైనట్టు? బొట్టు గుహ కప్పుకి చేరగానే అందులో వాయువు గాలిలోకి జారుకుంటుంది. పులుపు తగ్గితే సున్నాన్ని పట్టుకునే శక్తీ తగ్గుతుంది. వేణ్ణీళ్లు కాచే బిందె అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడండి, మీ నాయనమ్మ చింతపండేసి తోముతుంది, ఇదీ అదే సరుకు. బొట్టు రాలిపోతుంది, పిసరు సున్నం పైనే ఉండిపోతుంది. ఇలాంటి రాళ్లు సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరిగితే గొప్ప. కింద పడ్డ బొట్టు కూడా తన వంతు సున్నం అక్కడ వదుల్తుంది కాబట్టి నేలమీంచి ఇంకో రాయి పైకి లేస్తుంది. అదే ఆ లింగం! కాపరి చూసింది నిజమే, పొదుగూ ఉంది, ధారా ఉంది. ఒక్క పాలే లేవు.

అన్నట్టు కిరండూల్ రైలు పట్టాలు ఆ గుహ నెత్తిమీదుగానే పోతాయి తెలుసా? బొర్రా గుహలని స్టేషను కూడా ఉంది. రైల్లో కూర్చుని పల్లీలు తినేవాళ్లకి కాళ్లకింద అంత బోలు ఉందని తోచదు.

ఇంకో చిత్రం వినండి. ఆ కొండల నడినెత్తిన ఒకే మబ్బులోంచి రెండు చినుకులు పడ్డాయనుకోండి. తూర్పువాలు మీద పడ్డది గోస్తనిలో దిగి భీమిలి చేరుతుంది. జానెడు అవతల పడమటి వాలు మీద పడ్డది మాచ్‌ఖండ్‌లో కలిసి, సీలేరై, శబరిలో చేరి, గోదావరితో పాపికొండలు చూసుకుంటూ ఎక్కడో కోనసీమ దగ్గర సముద్రం మొహం చూస్తుంది. చేరేది ఇద్దరూ ఒకే బంగాళాఖాతానికి. మొదటిది దగ్గరదారి పట్టింది, రెండోది ఊళ్లన్నీ తిరిగొచ్చింది.

ఆ తూర్పు చినుకులన్నీ సముద్రం దాకా పోవులెండి. తాటిపూడి దగ్గర 1960ల్లో కట్టిన ఆనకట్ట కొన్నిటిని ఆపి పొలాలకిస్తుంది, విశాఖపట్నానికి తాగునీళ్లిస్తుంది. ఈసారి పట్నం వెళ్లినప్పుడు కుళాయి తిప్పి, ఈ నీళ్ల పేరేంటని మీ అత్తని అడగండి. "మున్సిపాలిటీ నీళ్లు" అంటుంది!