బడిలో ఏం చదివిస్తున్నారు?

సాహిత్య విమర్శ పత్రికలో పాఠ్యప్రణాళిక ప్రసక్తి ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. కవిని ప్రజల దగ్గరకు చేర్చేవి సంకలనాలూ, సభలూ మాత్రమే కావు. ఒక తరం ఏం చదవాలో, ఏ భాషలో చదవాలో, ఎంతకాలం చదవాలో నిర్ణయించేది బడి. ఆ నిర్ణయానికే పాఠ్యప్రణాళిక అని పేరు. మన రచనలకు రేపటి పాఠకులు అక్కడే తయారవుతారు, లేదా అక్కడే ఆగిపోతారు. గిడుగు రామమూర్తి వాడుకభాషా ఉద్యమానికి మూలం బడిలో తెలుగు ఎలా చెప్పాలన్న ప్రశ్నే. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం కూడా విద్యార్థి ఏ తెలుగు రాయాలన్న విషయం మీదే. కాబట్టి ఈ చర్చ మనకు కొత్తది కాదు, మనం మధ్యలో వదిలేసినది.

నేనిక్కడ పరిశీలిస్తున్నది ప్రైవేటు విద్యను. అంటే మూడేళ్ళ పిల్లవాణ్ణి నర్సరీలో చేర్చుకుని, ఇంటర్ పూర్తయ్యేదాకా తన అదుపులో ఉంచుకునే వ్యవస్థను. నేను పాఠాలు చెప్పే తిరువూరు విజయవాడ నుంచి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే రహదారి మీద ఉంది. పొద్దున్నే పసుపుపచ్చ బస్సులు చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి పిల్లల్ని ఎక్కించుకుంటాయి. పది పూర్తికాగానే వారిలో చాలామంది విజయవాడ హాస్టళ్ళకు చేరతారు. మామిడితోట ఉన్న రైతు బిడ్డా, మిర్చి కోతకు వెళ్ళే కూలీ బిడ్డా ఒకే బస్సు ఎక్కవచ్చు. అయితే కూలీ ఆ ఫీజు కట్టేది అప్పు తెచ్చి.

బడిలో పాఠ్యప్రణాళిక ఒకటి కాదు, మూడు ఉంటాయి. కరపత్రంలో అచ్చువేసేది ఒకటి. అందులో ఆటలు, పాటలు, చిత్రలేఖనం, నీతిబోధ అన్నీ ఉంటాయి. పీరియడ్ల పట్టికలో కనిపించేది రెండోది. పరీక్షలో అడిగేది మూడోది. ఈ మూడింటికీ తేడా వచ్చినప్పుడు నిలిచేది మూడోదే. అందుచేత ఈ వ్యవస్థను నర్సరీ నుంచి పైకి చదివితే అర్థం కాదు. చివరి పరీక్ష దగ్గర మొదలుపెట్టి కిందికి చదవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ బోర్డు 1971లో ఏర్పడింది. ఎంసెట్ 1986లో వచ్చింది. 2021లో మన రాష్ట్రంలో దాని పేరు ఈఏపీసెట్ అయింది. వైద్యవిద్య ప్రవేశాలు 2017 నుంచి నీట్ కిందికి వెళ్ళాయి. ఈ ప్రవేశపరీక్షల్లో గణితం, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలే ఉంటాయి. భాష లేదు, చరిత్ర లేదు, సాహిత్యం అసలే లేదు. ఇంటర్ ఎంపీసీ వెయ్యి మార్కుల్లో భాషలకు చిరకాలం నాలుగు వందలు ఉండేవి. ఇంగ్లీషుకు రెండు వందలు, రెండో భాషకు రెండు వందలు. ఈ రెండో భాష స్థానంలోకే సంస్కృతం వచ్చింది. కాళిదాసు మీద ప్రేమతో వచ్చిందనుకుంటే పొరపాటు. తేలిగ్గా మార్కులు పడతాయని, ఆ మిగిలిన సమయం లెక్కలకు పనికొస్తుందని కళాశాలలు దాన్ని ఎంపిక చేయించాయి. ఆ రెండేళ్ళలో తెలుగూ రాలేదు, సంస్కృతమూ రాలేదు. పదహారేళ్ళ వయసులో, అంటే మనిషి సొంతంగా ఆలోచించడం మొదలుపెట్టే కాలంలో, తెలుగు సాహిత్యంతో సంబంధం తెగిపోయింది.

అక్కడినుంచి ఒక్కొక్క మెట్టే దిగండి. ఇంటర్‌లో నెగ్గాలంటే ఉన్నత పాఠశాలలోనే సిద్ధం కావాలన్నారు. అలా ఆరో తరగతిలోకి ‘ఫౌండేషన్’ కోర్సు వచ్చింది. ఆరులో తట్టుకోవాలంటే ఒకటిలోనే ఇంగ్లీషు మాధ్యమం ఉండాలన్నారు. ఒకటిలో ఇబ్బంది పడకూడదంటే నర్సరీలోనే అక్షరాలు దిద్దించాలన్నారు. పరీక్షలు దగ్గరపడితే తెలుగు పీరియడ్ లెక్కల పంతులుకు పోతుంది. ఇలా పద్దెనిమిదేళ్ళవాడు రాయవలసిన పరీక్ష బరువు మూడేళ్ళ బిడ్డ వీపు మీదికి చేరింది.

కిండర్‌గార్టెన్ అనే మాట 1840లో జర్మనీలో ఫ్రోబెల్ పెట్టింది. పిల్లల తోట అని దానికి అర్థం. ఆ వయసులో ఆటే చదువన్నది అతని సిద్ధాంతం. 1993లో యశ్‌పాల్ కమిటీ చదువుల బరువు మీద ఇచ్చిన నివేదికలో, నర్సరీ ప్రవేశాలకు పరీక్షలూ, ఇంటర్వ్యూలూ ఎత్తివేయమని సిఫారసు చేసింది. మన పిల్లల తోటల్లో ఆట ఎక్కడుంది? దాగుడుమూతలూ, చెమ్మచెక్కా ఇంటి దగ్గరే ఆగిపోయి, వాటి స్థానంలో అర్థం తెలియని రైములు వచ్చాయి. కన్యాశుల్కంలో వెంకమ్మ ముచ్చటపడితే గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకునే ఘట్టం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళు మాట్లాడుకున్నది సంభాషణ కాదు, ట్వింకిల్ ట్వింకిల్ లాంటి కంఠస్థపాఠాలు. తల్లి మురిసిపోయింది. గురజాడ నవ్వింది ఆ తల్లిని కాదు, ఆమె ఆశను సొమ్ము చేసుకునే గిరీశాన్ని. ఆనాడు గిరీశం ఒక్కడే. ఇప్పుడు గిరీశం పని ఒక వ్యాపారమైంది.

ఇక చట్టాల సంగతి. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించమంటుంది. 2009 విద్యాహక్కు చట్టం సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే చెప్పమంటుంది. ఆ ‘సాధ్యమైనంతవరకు’ అన్న మాటే అసలు ద్వారం. 2014లో కర్ణాటక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దరాదని తీర్పు చెప్పింది. 2019లో మన రాష్ట్ర ప్రభుత్వం తన బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చే ఉత్తర్వులిస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. అదే ఏడు వచ్చిన జాతీయ విద్యావిధానం వీలైనచోట కనీసం అయిదో తరగతి వరకు మాతృభాష అంది. ఇక్కడా ‘వీలైనచోట’! ఒక్కటి స్పష్టం. ప్రైవేటు బడి మాధ్యమాన్ని నిర్ణయిస్తున్నది చట్టం కాదు, బజారు.

దీనికి ఎదురువాదం ఒకటుంది. దాన్ని భాషాభిమానంతో కొట్టిపారెయ్యడం అన్యాయం. ‘మీ పిల్లల్ని ఇంగ్లీషులో చదివించుకుని మా పిల్లలకు మాతృభాష మహిమ చెబుతారా?’ అని దళిత మేధావులు అడిగారు. ఆ ప్రశ్నలో ధర్మం ఉంది. తెలుగు గొప్పదని సభల్లో చెప్పే పెద్దల ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలు తెలుగు మాధ్యమంలో చదువుతున్నారు? ఇంగ్లీషు అధికారానికి నిచ్చెన అయినంతకాలం, ఆ నిచ్చెన ఎక్కవద్దని కూలీకి చెప్పే హక్కు మనకు లేదు.

అయితే ఇంగ్లీషు నేర్పడం వేరు, అన్నీ ఇంగ్లీషులోనే నేర్పడం వేరు. ఈ రెంటినీ కలిపేసి అమ్ముతున్నారు. తనకు రాని భాషలో లెక్క చదివిన పిల్లకు అటు లెక్కా రాదు, ఇటు ఇంగ్లీషూ రాదు. ఇంట్లో అక్షరం ముక్క రాని తల్లి ఆ పిల్లకు సాయమూ చెయ్యలేదు. అందువల్ల నష్టం ఎక్కువ జరిగేది అప్పుచేసి చేర్పించిన ఇంటికే. మరో సంగతి కూడా గమనించాలి. ఏ పరీక్షల పేరు చెప్పి తెలుగును తప్పించారో, ఆ పరీక్షలే తెలుగులోకి వచ్చాయి. నీట్ ప్రశ్నపత్రం 2017 నుంచీ, జేఈఈ మెయిన్ 2021 నుంచీ తెలుగులో కూడా ఇస్తున్నారు. ద్వారం తెరిచారు, కాని అక్కడిదాకా నడిపించే దారి లేదు. ఉన్నతవిద్యకు తెలుగులో పుస్తకాలు తేవడానికి 1968లో తెలుగు అకాడమీని స్థాపించారు. ఆ పని నిలకడగా సాగి ఉంటే ఈ మాట రాయవలసి వచ్చేది కాదు.

ప్రైవేటు బడి అన్నది మరోలా ఉండడానికి వీల్లేదా? మదనపల్లె సమీపాన జిడ్డు కృష్ణమూర్తి భావాలతో పెరిగిన రిషివ్యాలీ పాఠశాల ఉంది. అది ఇంగ్లీషు మాధ్యమమే, సామాన్యుడికి అందేదీ కాదు. కాని ఆ సంస్థ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం తెలుగులో పాఠాలు తయారుచేసింది. పాఠాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా అమర్చి, ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి వేగంతో వారు నడిచే ఏర్పాటు చేసింది. జానపద కథలూ, తోలుబొమ్మలూ అందులో పాఠాలయ్యాయి. ఆ పద్ధతి ఇతర రాష్ట్రాలకూ వెళ్ళింది. ఆ బడికి ఇంగ్లీషు, చుట్టుపక్కల పల్లెకు తెలుగు అన్న వర్గ విభజన అక్కడా ఉందని విమర్శించవచ్చు. అయినా పల్లె పిల్లల తెలుగులో శాస్త్రీయమైన పాఠ్యప్రణాళిక సాధ్యమేనని అది రుజువు చేసింది.

మనం కోరవలసినవి ఇవి: ప్రభుత్వ బడికీ, ప్రైవేటు బడికీ ఒకే నియమంగా అయిదో తరగతి దాకా తెలుగులో బోధన. దానితోపాటు మొదటినుంచీ ఇంగ్లీషును ఒక భాషగా, తర్ఫీదు పొందిన ఉపాధ్యాయులతో చెప్పించడం. నర్సరీలో పరీక్షల రద్దు. ఇంటర్‌లో ప్రతి విద్యార్థికీ, అతను ఏ గ్రూపు తీసుకున్నా, తెలుగు సాహిత్యం. రచయితల వంతు పని కూడా ఉంది. నవలలను సమీక్షించినంత శ్రద్ధగా వాచకాలను సమీక్షించాలి. అందులో ఎవరి జీవితం ఉంది, ఎవరిది లేదు, ఏ ప్రాంతపు పలుకుబడికి చోటు దక్కింది అని అడగాలి. ఈ పత్రిక ప్రతి ఏడాదీ జూన్ సంచికలో కొన్ని పేజీలు ఆ పనికి కేటాయిస్తే, ఉపాధ్యాయులం రాయడానికి సిద్ధంగా ఉన్నాం.