అతుకుల బొంత

కుదురులేని కథ చదివితే "అతుకుల బొంతలా వున్నదండీ!" అంటాం. నేనూ ఎన్నోమార్లు అన్నదాన్నే. కిందటి సంక్రాంతికి ముందు భోషాణం దులుపుతూంటే మా అమ్మమ్మ కుట్టిన బొంత బయటపడింది. ఆనాటినుంచీ ఆ మాట నా నోట రావడం లేదు.

బొంత కుట్టడం తోచక చేసే పని కాదు. వేసవిలో మధ్యాహ్నపు భోజనాలయ్యాక మా అమ్మమ్మ పాత నూలు చీరలు నాలుగైదు వసారాలో ముడత లేకుండా పరిచి, మూలల మీద బరువులు పెట్టేది. చివికినవి లోపలికి, గట్టివి పైకి. దారం కొనేది కాదు. చీర అంచుల్లోంచే పోగులు లాగి పేనుకునేది. గోరంత కుట్టు, వరుసకూ వరుసకూ వేలెడు ఎడం. ఆ కుట్టువల్లే పొరలు జారవు. పొరల నడుమ నిలిచిన గాలివల్లే చలి ఆగుతుంది.

పాతగుడ్డే యెందుకంటారా? ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుకు సాటి లేదు. పురిటిబిడ్డను పొత్తిళ్లలో పెట్టడం అందుకే గదా!

యీ విద్య మన వొక్కరిదే కాదు. బౌద్ధ భిక్షువులు పారేసిన గుడ్డపేలికలు యేరి చీవరాలు కుట్టుకునేవారు. మగధలోని వరిమళ్లను చూపి, ఆ గట్ల తీరున కుట్టమని బుద్ధుడు ఆనందునికి చెప్పినట్లు వినయపిటకంలో వున్నది. సంస్కృతంలో బొంతను 'కంథ' అన్నారు. వంగదేశంలో అదే 'కాంథా'. అక్కడి కవి జసీముద్దీన్ 1929లో వొక కావ్యమే రాశాడు. అందులో పల్లెటూరి యిల్లాలు తన బతుకంతా కాంథా మీద కుట్టి, దాన్ని తన సమాధిపై కప్పమని కోరుతుంది. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ కుడుతూ నడిమికి వస్తారు. వారి పూర్వులు ఆఫ్రికానుంచి వచ్చినవారు. నాలుగు మూలలా గుడ్డమడతల పువ్వులు పెట్టందే వారికి బొంత పూర్తయినట్లు కాదు.

మరి మన యిళ్లలో బొంత యెందుకు వెనకబడింది? కలిమి పెరిగి మాత్రమే కాదు. పాలియెస్టరు చీరలు వచ్చాయి. అవి చెమట పీల్చవు, కుడుతూంటే జారిపోతాయి. మిగిలిన నూలు చీరలకేమో వీధిలో కేక వినిపించింది: "పాత బట్టలకు స్టీలు సామానులమ్మా!"

నేనూ ఆ కేకకు తలుపు తీశాను. మా అమ్మ పోయిన యేడాదికి, ఆమె పన్నెండు నూలు చీరలిచ్చి వొక స్టీలు బేసిను తీసుకున్నాను. బేరం నాదే గెలుపని మురిశాను కూడా.

మొన్న మనవరాలు ఆ బొంత మీద పడుకుని వొక్కో ముక్కా అడిగింది. నెమలికంఠం రంగుది మా పెద్దమ్మ పెళ్లినాటిది. గళ్లది తాతగారి లుంగీ. బచ్చలిపండు రంగుది మా అమ్మ చిన్ననాటి పరికిణీ.

"మరి మీ అమ్మ చీరలేవీ, అమ్మమ్మా?" అన్నది.

వంటింట్లో బోర్లించిన బేసినును చూపించాను. ఆ పిల్లకు అర్థం కాలేదు.

మీ యింట నూలు చీర వొక్కటున్నా సరే, వీధిలో ఆ కేక వినబడ్డప్పుడు కాస్త ఆగండి. దబ్బనం ఖరీదు యెంతో కాదు.