రెడ్‌బస్

రెడ్‌బస్ భారతదేశంలో అంతర్జాలం ద్వారా బస్సు టిక్కెట్లు విక్రయించే సంస్థ. దీనిని 2006 ఆగస్టులో ఫణీంద్ర సామ, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు అనే ముగ్గురు మిత్రులు బెంగళూరులో స్థాపించారు. చిన్నగా మొదలై, బయటి పెట్టుబడితో వేగంగా విస్తరించే ఇటువంటి సంస్థలను అంకుర సంస్థలు లేక స్టార్టప్‌లు అంటారు. తొలి పథకం ఫలించకపోయినా అదే సమస్యను మరొక మార్గంలో పరిష్కరించి నిలదొక్కుకొన్న సంస్థకు రెడ్‌బస్ మంచి ఉదాహరణ.

నేపథ్యం

నిజామాబాదు జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ పిలానీలోని బిట్స్‌లో చదివి, బెంగళూరులో ఇంజనీరుగా పనిచేసేవాడు. 2005 దీపావళికి స్వస్థలానికి వెళ్ళడానికి ఎందరో ఏజెంట్లను అడిగినా అతనికి టిక్కెట్టు దొరకలేదు. ఆ రోజుల్లో ప్రైవేటు బస్సుల సీట్ల వివరాలు యజమాని కార్యాలయంలోని కాగితపు చార్టులో ఉండేవి. ఏజెంటు ఫోను చేసి సీటు అడగవలసి వచ్చేది. ఒక్కొక్క ఏజెంటుకు కొందరు యజమానులతో మాత్రమే సంబంధాలుండేవి. అందువలన ఒక బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా, వేరొక ఏజెంటు వద్ద నిలుచున్న ప్రయాణికుడికి ఆ సంగతి తెలిసేది కాదు.

ప్రారంభం

మిత్రులు మొదట బస్సు యజమానుల కొరకు ఒక సాఫ్ట్‌వేరు తయారు చేయాలనుకొన్నారు. కాని అలవాటైన పద్ధతిని మార్చుకోవడానికి యజమానులు ముందుకు రాలేదు. అప్పుడు టై అనే పారిశ్రామికవేత్తల సంఘం బెంగళూరు శాఖలో అనుభవజ్ఞుల మార్గదర్శకత్వం వీరికి లభించినది. ఉద్యోగాలు వదలి, సొంత పొదుపు సొమ్ముతో, తామే ప్రయాణికులకు టిక్కెట్లు అమ్మడం మొదలుపెట్టారు. యజమానులు ఇచ్చిన కొద్దిపాటి సీట్లతో వ్యాపారం ప్రారంభమైనది. సీట్లు అమ్ముడుపోయిన కొద్దీ యజమానులకు నమ్మకం కుదిరి మరిన్ని సీట్లు ఇవ్వసాగారు. మొదట తిరస్కరణకు గురైన సాఫ్ట్‌వేరు ఆలోచన తరువాత 'బాస్' అనే పేరుతో రూపుదిద్దుకొని యజమానుల కార్యాలయాలకు చేరినది. దీనివలన ఒకచోట అమ్ముడైన సీటు వెంటనే అన్నిచోట్లా అమ్ముడైనట్లు కనిపించే వీలు కలిగినది.

పెట్టుబడులు, విక్రయం

2007లో సీడ్‌ఫండ్, 2009లో ఇన్వెంటస్ క్యాపిటల్, 2011లో హీలియన్ సంస్థలు ఇందులో పెట్టుబడి పెట్టాయి. సాధారణంగా ఇటువంటి పెట్టుబడి విడత విడతకూ వ్యవస్థాపకుల వాటా తగ్గుతుంది. పెట్టుబడిదారులు తమ నిధి కాలపరిమితి ముగిసేలోగా సొమ్ము తిరిగి రాబట్టుకోవలసి ఉంటుంది. కనుక సంస్థ బాగా నడుస్తున్నా దానిని విక్రయించవలసిన సందర్భం రావచ్చును. 2013 జూన్‌లో రెడ్‌బస్‌ను ఐబిబో గ్రూపు కొనుగోలు చేసినది. 2017లో ఐబిబో, మేక్‌మైట్రిప్ సంస్థలు విలీనమయ్యాయి. రెడ్‌బస్ సేవలు సింగపూరు, మలేషియా, పెరూ, కొలంబియా దేశాలకు కూడా విస్తరించాయి.

ఫణీంద్ర సామ 2018లో తెలంగాణ ప్రభుత్వ ప్రధాన ఆవిష్కరణల అధికారిగా నియమితుడై, రాష్ట్రంలో అంకుర సంస్థలను ప్రోత్సహించే బాధ్యతను కొంతకాలం నిర్వహించాడు.

ప్రాముఖ్యత

రెడ్‌బస్ సొంతంగా బస్సులు నడపకుండానే ఎదిగినది. ఖాళీ సీటుకూ ప్రయాణికుడికీ మధ్య ఉన్న సమాచార లోపాన్ని తొలగించడమే దీని వ్యాపారం. సాంకేతిక పరిజ్ఞానం ఎంత ఉన్నా, దానిని వాడవలసినవారి నమ్మకం పొందనిదే వ్యాపారం సాగదని ఈ సంస్థ చరిత్ర వలన తెలుస్తున్నది.