తొలి ఆట ప్రేక్షకుని ‘టాక్’పై న్యాయస్థానాల్లో తర్జనభర్జన

కొచ్చిన్: సినిమా చూసి బయటకు వచ్చిన ప్రేక్షకుడు తన అభిప్రాయాన్ని వెంటనే చెప్పవచ్చునా? లేక రెండు రోజులో, మూడు రోజులో, వారం రోజులో ఆగవలెనా? నవ్వులాటగా తోచే ఈ ప్రశ్న 2023లో కేరళ హైకోర్టు ముందుకు, 2024లో మద్రాసు హైకోర్టు ముందుకు వ్యాజ్యాల రూపంలో వచ్చింది. ఒకవైపు కోట్లాది రూపాయల పెట్టుబడి, మరోవైపు టికెట్టు కొన్న సామాన్యుని వాక్స్వాతంత్ర్యం ఇందులో ఇమిడి ఉండడంతో చలనచిత్ర వర్గాల్లోనే కాక, న్యాయకోవిదుల్లోనూ ఈ అంశం చర్చనీయమైంది.

శుక్రవారం ఉదయం ఆట ముగిసే వేళకు దక్షిణాది నగరాల్లోని ప్రధాన థియేటర్ల ఆవరణలో మైకులు, సెల్‌ఫోన్ కెమెరాలు సిద్ధంగా ఉండడం కొన్నేళ్లుగా పరిపాటి అయింది. తెర దిగీ దిగకముందే బయటకు వచ్చిన అభిమాని ‘సూపర్’ అన్నా, ‘బోర్’ అన్నా ఆ మాట నిమిషాల్లో లక్షల మందికి చేరుతోంది. మధ్యాహ్నం ఆటకు టికెట్టు కొనాలా వద్దా అన్న నిర్ణయం ఆ మాటపైనే ఆధారపడుతున్నదని నిర్మాతలు వాపోతున్నారు.

కేరళలో మొదలైన వివాదం

‘ఆరోమలింటె ఆద్యతె ప్రణయం’ అనే మలయాళ చిత్ర దర్శకుడు 2023లో కేరళ హైకోర్టును ఆశ్రయించారు. విడుదలైన నాటి నుంచి కనీసం ఏడు రోజుల పాటు సామాజిక మాధ్యమాల్లో సమీక్షలు రాకుండా నిలువరించాలని ఆయన అభ్యర్థించారు. దీనిని విచారించిన న్యాయస్థానం తాము సమీక్షలను నిషేధించలేదని స్పష్టం చేసింది. డబ్బు గుంజే దురుద్దేశంతో, ముఖం చాటున ఉండి, పథకం ప్రకారం చిత్రాన్ని దెబ్బతీసే వారిని అదుపు చేయడమే తమ ఉద్దేశమని వివరించింది. నిజాయితీగల సమీక్షకునికి, బెదిరించి సొమ్ము చేసుకునే వానికి మధ్య తేడాను పాటించాలన్నది న్యాయస్థానం ధోరణిగా కనిపించింది.

ఆ విచారణ సాగుతుండగానే 2023 అక్టోబరులో ‘రాహేల్ మకన్ కోరా’ చిత్ర దర్శకుని ఫిర్యాదుపై కొచ్చిన్ పోలీసులు కేసు నమోదు చేశారు. ఇటువంటి ఆరోపణపై కేరళలో నమోదైన తొలి కేసు ఇదే. ఈ వ్యవహారంలో అమికస్ క్యూరీగా నియమితులైన న్యాయవాది శ్యామ్ పద్మన్ 2024 మార్చిలో నివేదిక సమర్పించారు. విడుదలైన తర్వాత 48 గంటల పాటు సమీక్షకులు సంయమనం పాటించాలని, కథలోని మలుపులను బయటపెట్టరాదని, నటీనటులపై వ్యక్తిగత దూషణలకు దిగరాదని అందులో సూచించారు.

తమిళనాట ఇదే వాదన మరో రూపంలో వినవచ్చింది. 2024 నవంబరు 14న భారీ అంచనాలతో విడుదలైన ‘కంగువ’కు తొలి ఆట నుంచే ప్రతికూల అభిప్రాయాలు వెల్లువెత్తాయి. దరిమిలా థియేటర్ల ఆవరణలో ప్రేక్షకుల అభిప్రాయాలను చిత్రీకరించేందుకు అనుమతించరాదని తమిళ చిత్ర నిర్మాతల మండలి ప్రదర్శకులకు విజ్ఞప్తి చేసింది. మరో నిర్మాతల సంఘం విడుదలైన మూడు రోజుల పాటు సమీక్షలపై నిషేధం కోరుతూ మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. 2024 డిసెంబరులో ఆ పిటిషన్‌ను విచారించిన న్యాయస్థానం మధ్యంతర నిషేధానికి నిరాకరించింది. సమీక్ష భావప్రకటన స్వేచ్ఛలో భాగమన్నదే ఇందుకు ఆధారం.

మొదటి వారమే ప్రాణం

నిర్మాతల ఆందోళన వెనుక బలమైన ఆర్థిక కారణాలు లేకపోలేదు. ఒకప్పుడు సినిమా కొద్దిపాటి ప్రింట్లతో పట్టణాల్లో విడుదలై, అక్కడ నడిచిన తర్వాత చిన్న ఊళ్లకు, ఆపైన టూరింగ్ టాకీసులకు చేరేది. యాభై రోజులు, వంద రోజులు, రజతోత్సవం అన్నవి విజయానికి కొలమానాలు. మొదటి వారం బలహీనంగా ఉన్నా మూడో వారంలో కోలుకునే వ్యవధి చిత్రానికి ఉండేది.

1997లో ఢిల్లీలోని సాకేత్‌లో పి.వి.ఆర్. సంస్థ తొలి మల్టీప్లెక్స్‌ను ప్రారంభించిన తర్వాత ఈ స్థితి క్రమంగా మారింది. డిజిటల్ ప్రదర్శన వచ్చాక ఒకే రోజున వేలాది తెరలపై సినిమా విడుదల కావడం సాధ్యపడింది. హిందీ చిత్రాల రాబడి పంపకంపై నిర్మాతలకు, మల్టీప్లెక్స్ యజమానులకు తలెత్తిన వివాదంతో 2009లో సుమారు రెండు నెలల పాటు కొత్త చిత్రాల విడుదల స్తంభించింది. చివరకు కుదిరిన ఒప్పందం ప్రకారం నిర్మాత, పంపిణీదారుల పక్షానికి దక్కే వాటా మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5 శాతం, మూడో వారం 37.5 శాతం, అటుపైన 30 శాతంగా నిర్ణయమైంది.

అంటే వారం గడిచేకొద్దీ నిర్మాత చేతికి వచ్చే పైకం తగ్గుతూ పోతుంది. ప్రేక్షకుడు మొదటి వారం కొన్న నూరు రూపాయల టికెట్టుకు, నాలుగో వారం కొన్న నూరు రూపాయల టికెట్టుకు నిర్మాత దృష్టిలో విలువ ఒకటి కాదు. ఈ లెక్కలో శుక్రవారం ఉదయపు ‘టాక్’ శనివారం, ఆదివారం వసూళ్లను దెబ్బతీస్తే, ఆ తర్వాత చిత్రం పుంజుకున్నా నష్టం పూర్తిగా పూడదు. 48 గంటలనీ, మూడు రోజులనీ గడువులు కోరడంలోని మర్మం ఇదే.

మాట నిలబెట్టిన చిత్రాలు

అయితే అదే నోటి మాట ఎన్నో చిత్రాలను నిలబెట్టిన సంగతిని సినీ చరిత్ర తెలిసినవారు గుర్తు చేస్తున్నారు. 1975 ఆగస్టు 15న విడుదలైన ‘షోలే’ను తొలి రోజుల్లో వ్యాపార వర్గాలు పెదవి విరిచి పక్కన పెట్టాయి. ముగింపు మార్చాలా అన్న ఆలోచన సైతం చిత్ర బృందంలో సాగింది. కానీ చూసినవారు చూడనివారికి చెప్పగా చెప్పగా థియేటర్లు నిండాయి. బొంబాయిలోని మినర్వా థియేటర్‌లో ఆ చిత్రం అయిదేళ్లకు పైగా ఆడింది. అదే సంవత్సరం స్వల్ప వ్యయంతో, పేరున్న తారలు లేకుండా వచ్చిన ‘జై సంతోషీ మా’ మహిళా ప్రేక్షకుల మాటతోనే ఊరూరా పాకి ఘనవిజయం పొందింది.

తెలుగువారికి ఇందుకు దృష్టాంతం ‘శంకరాభరణం’. వృద్ధుడైన సంగీత విద్వాంసుని కథ కావడంతో 1980లో విడుదలైనప్పుడు మొదట హాళ్లు వెలవెలబోయాయి. రోజులు గడిచేకొద్దీ విన్నవారు వచ్చారు, వచ్చినవారు మరికొందరిని వెంటబెట్టుకు వచ్చారు. రాష్ట్ర సరిహద్దులు దాటి తమిళనాడు, కర్ణాటక, కేరళల్లోనూ చిత్రం ఆదరణ పొందింది. వినోదాత్మక చిత్రాల విభాగంలో జాతీయ పురస్కారమూ దక్కింది. ఆ నాటి పల్లెల్లో పట్నం వెళ్లి రెండో ఆట చూసి వచ్చినవాడు మర్నాడు రచ్చబండ వద్ద కథ యావత్తూ వినిపించడం, దానిని బట్టి తక్కినవారు బండ్లు కట్టుకుని బయలుదేరడం పెద్దలకు తెలిసినదే. ‘టాక్’ అన్న ఆంగ్ల పదం ఆ అర్థంలో తెలుగు పదమై స్థిరపడింది.

2022 సెప్టెంబరు 30న కన్నడంలో విడుదలైన ‘కాంతార’కు వచ్చిన స్పందన చూసిన తర్వాతనే అక్టోబరులో హిందీ, తెలుగు అనువాదాలు థియేటర్లకు వచ్చాయి. 2023లో ‘ట్వెల్త్ ఫెయిల్’ అనే హిందీ చిత్రం మామూలు ప్రారంభంతో మొదలై వారాల తరబడి నిలిచింది. అటువంటి చిత్రాలకు మూడు రోజుల మౌనం మేలు చేయకపోగా ఊపిరి తీసి ఉండేదని నిషేధాన్ని వ్యతిరేకించేవారి వాదన. ప్రచారానికి కోట్లు వెచ్చించలేని చిన్న నిర్మాతకు ప్రేక్షకుని నోరే వాల్‌పోస్టర్ అని వారంటున్నారు.

ఫిల్మ్ సొసైటీల వారసత్వం

చూసిన సినిమాపై పదిమందీ కూర్చుని మాట్లాడుకోవడం ఈ దేశంలో ఒక ఉద్యమంగా సాగిన చరిత్ర ఉంది. 1935లో బాబూరావు పటేల్ బొంబాయిలో ప్రారంభించిన ‘ఫిల్మిండియా’ పత్రికలో నిష్కర్షగా రాసిన సమీక్షలతో పాటు పాఠకుల ప్రశ్నలకు సంపాదకుడు ఇచ్చే ఘాటైన జవాబులు ప్రసిద్ధి చెందాయి. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవారు కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. దేశదేశాల చిత్రాలను చూడడం, ఆపైన చర్చించుకోవడం వారి కార్యక్రమం. ఆ చర్చల్లో పాల్గొన్న రాయ్ 1955లో ‘పథేర్ పాంచాలి’ని అందించారు. 1959లో ఆయన అధ్యక్షతన ఫిల్మ్ సొసైటీల సమాఖ్య ఏర్పడింది.

కేరళలో ఈ ఉద్యమం మరింత వేళ్లూనింది. 1965లో అదూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు తిరువనంతపురంలో నెలకొల్పిన ‘చిత్రలేఖ’ ఆ రాష్ట్రంలో ఇటువంటి సంఘాలకు బాట వేసింది. ఆ బృందం నుంచే 1972లో ‘స్వయంవరం’ వెలువడింది. జాన్ అబ్రహాం నాయకత్వంలోని ‘ఒడెస్సా’ బృందం ప్రేక్షకుల నుంచి చందాలు పోగు చేసి 1986లో ‘అమ్మ అరియాన్’ను నిర్మించింది. 1996 నుంచి జరుగుతున్న కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రతినిధులు ఓటు వేసి తమకు నచ్చిన చిత్రానికి బహుమతి ఇచ్చే ఏర్పాటు ఉంది. బహిరంగ చర్చావేదికలో దర్శకులను నిలదీయడమూ అక్కడ మామూలే. అటువంటి రాష్ట్రంలోనే ప్రేక్షకుని నోటికి గడువు విధించాలన్న వ్యాజ్యం మొదట తలెత్తడం విశేషం.

చట్టం ఏమంటున్నది?

రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం పౌరులకు భావప్రకటన స్వేచ్ఛను ప్రసాదిస్తోంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శ, సమీక్షల నిమిత్తం రచనను న్యాయమైన మేరకు వినియోగించుకోవడాన్ని ఉల్లంఘనగా పరిగణించరాదని చెబుతోంది. అయితే థియేటర్లో కూర్చుని తెరపైని దృశ్యాలను అనుమతి లేకుండా చిత్రీకరించడం వేరు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అది కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు శిక్షకు, మూడు లక్షల రూపాయలకు తగ్గని జరిమానాకు దారితీసే నేరం.

బెదిరించి డబ్బు గుంజడానికి, పరువునష్టానికి శిక్షాస్మృతిలో నిబంధనలు ముందు నుంచే ఉన్నాయి. నిజమైన నేరస్థుని పట్టుకునేందుకు అవి చాలునని, అందరి నోళ్లూ కట్టివేసే కొత్త ఏర్పాటు అనవసరమని ఒక వాదన. పేరు మార్చుకుని, ముఖం చూపకుండా దూరాన ఉన్నవానిని గుర్తించే లోపలే చిత్రం థియేటర్ల నుంచి వెళ్లిపోతున్నదని, ఆ తర్వాత వచ్చే తీర్పు వల్ల అప్పు తీరదని నిర్మాతల ప్రతివాదన. రెండింటిలోనూ సత్యం ఉంది.

ఇందులో రెండో పార్శ్వాన్ని నిర్మాతలు అంతగా ప్రస్తావించడం లేదు. సొమ్ము పుచ్చుకుని తిట్టడం ఎంత తప్పో, సొమ్ము పుచ్చుకుని పొగడడమూ అంతే తప్పు. వస్తువులు, సేవల గురించి ప్రచారం చేసేవారు తమకు ముట్టిన ప్రతిఫలాన్ని వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు జారీ చేసింది. టికెట్టు కొనే ప్రేక్షకుడు కూడా వినియోగదారుడే. కొన్న పొగడ్తను నమ్మి నష్టపోయిన కుటుంబానికి ఏ న్యాయస్థానమూ టికెట్టు ధర తిరిగి ఇప్పించలేదు.

నలుగురు సభ్యుల కుటుంబం మల్టీప్లెక్స్‌కు వెళ్లి రావడానికి టికెట్లు, తినుబండారాలు, రాకపోకలు కలిపి ఒక రోజు కూలి సరిపోని స్థితిలో, వెళ్లేముందు నాలుగు మాటలు విచారించుకోవడం సహజం. ఆ విచారణకు జవాబు చెప్పేవాడు నిజం చెబుతున్నాడా, అమ్ముడుపోయాడా అన్నదే అసలు ప్రశ్న. ఎన్ని గంటల తర్వాత చెప్పాడన్నది ఆ తర్వాతి మాట.