వ్యయ నామ సంవత్సరంలో పోయిన పొలం

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. కాబట్టి ఈ వ్యాసంలో తప్పులుంటే దిద్దని ఎడిటర్ అక్కని తిట్టండి, నన్ను కాదు.

పోయిన వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్ దొరక్క ఇంట్లో ఖాళీగా కూర్చుని ఒక యూట్యూబ్ వీడియో చూశాను. అమెరికాలో ఒకమ్మాయి పేరు టైప్ చేస్తుంది, వాళ్ళ తాత, ముత్తాత, ఆయన అద్దెకున్న ఇల్లు, చేసిన ఉద్యోగం అన్నీ స్క్రీన్ మీదకి వచ్చేస్తాయి. అక్కడ జనాభా లెక్కల కాగితాలు 72 ఏళ్ళు దాటాక జనానికి ఇచ్చేస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో బయటికి వచ్చాయి. మన దగ్గర ఆ తలుపు మూసే ఉంటుంది. 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు చూసే హక్కు ఎవరికీ లేదు. మొత్తం లెక్కలే తప్ప మనుషులు దొరకరు.

అయినా నేను వెతకడానికి కారణం ఉంది. మాది భీమవరం దగ్గర ఊరు. మా ఇంట్లో ఒక కథ చెప్తారు. మా ముత్తాత, ఆయన అన్నగారు ఉమ్మడిగా ఉండేవారట. ముత్తాత పాపం అమాయకుడు, అన్నగారు గడుసువాడు. ‘వ్యయలో’ ఆ అన్నగారు కాలవ పక్క మంచి పొలం అమ్మేసి, డబ్బంతా మింగేసి, మమ్మల్ని ఇలా మిగిల్చాడు. ఇది తాతయ్య నాన్నకి చెప్పాడు, నాన్న నాకు చెప్పాడు. ఆ అన్నగారి వాళ్ళు ఇప్పటికీ మాకు రెండు వీధుల అవతలే ఉంటారు. మాటల్లేవు. పెళ్ళిళ్ళకి పిలుపుల్లేవు. చావుకి మాత్రం వెళ్ళి, వీధిలోనే నుంచొని వచ్చేస్తారు. వాళ్ళబ్బాయి ఒకడు, నాకు వరసకి అన్నయ్య, మన కాలేజీలోనే మెకానికల్. క్యాంటీన్‌లో ఎదురుపడితే ఇద్దరం ఫోన్లు చూసుకునేవాళ్ళం.

మొదటి పని ‘వ్యయ’ ఎప్పుడో తెలుసుకోవడం. తెలుగు సంవత్సరాలు అరవై, తర్వాత మళ్ళీ మొదటికి వస్తాయి. మన భాషలో చెప్పాలంటే మాడ్యులో 60. ప్రభవ 1927 ఉగాదికి మొదలైంది, అక్కడినుంచి లెక్కేస్తే వ్యయ 1946 ఉగాది నుంచి 1947 ఉగాది వరకు. మళ్ళీ 2006లో వచ్చింది. అంటే నేను పుట్టింది కూడా వ్యయలోనే. (ఈ మాట విని నాన్న, మన ఫీజు రసీదులు చూస్తేనే తెలుస్తోంది అన్నాడు.) రెవెన్యూ కాగితాల్లో ఇంకో లెక్క ఉంటుంది, ఫసలీ. మన కోస్తా వైపు ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీష్ సంవత్సరం వస్తుంది, జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1356 అంటే 1946 జూలై నుంచి 1947 జూన్ వరకు.

తర్వాత జిల్లా. మా ఊరు ఎక్కడికీ కదల్లేదు, జిల్లాలే కదిలాయి. 1904 ముందు భీమవరం తాలూకా గోదావరి జిల్లా. 1904లో కృష్ణాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి పుట్టింది. అందుకే పాత కాగితం వెతికేవాళ్ళు ముందు ఆ సంవత్సరంలో తమ ఊరు ఏ జిల్లాలో ఉందో చూసుకోవాలి. ఊరి పేర్లతోనూ జాగ్రత్త. కాకినాడ కోకనాడ అని, విజయవాడ బెజవాడ అని ఉంటాయి.

నేను మొదట పట్టుకున్నది పాత పేపర్లని, ఎందుకంటే అవి ఏసీ గదిలో కూర్చుని చూడొచ్చు. ప్రెస్ అకాడమీ వాళ్ళు పాత తెలుగు పత్రికల్ని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. కృష్ణాపత్రిక 1902లో మచిలీపట్నంలో మొదలైంది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. అన్నీ బొమ్మలే, వెతికే వీల్లేదు. సీఎస్ఈ వాడిని కదా, ఓసీఆర్ రన్ చేద్దామనుకున్నాను. అరసున్నలు, బండి ఱలు, తెలుగు అంకెలు, సగం చెరిగిపోయిన అచ్చు చూసి అది చేతులెత్తేసింది. పైగా ఒకే ఇంటిపేరుని ఒకచోట ఒత్తుతో, ఒకచోట ఒత్తు లేకుండా రాస్తారు. ఎడిట్ డిస్టెన్స్ రెండు దాకా ఒప్పుకుంటే ఊరంతా మా చుట్టాలే అయిపోయారు.

రెండు వారాలు కళ్ళు పోయేలా చూసినా మా వాళ్ళ పేరు ఒక్కచోట కూడా కనపడలేదు. ఎందుకు కనపడాలి? పేపర్లో పేరు రావాలంటే చందా ఇవ్వాలి, జైలుకి వెళ్ళాలి, లేదా కోర్టు నోటీసు పడాలి. మనం ‘ఐపీ పెట్టాడు’ అంటాం కదా, అది ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. 1920 చట్టం ప్రకారం దివాలా తీసినట్టు కోర్టు తేలిస్తే ఆ సంగతి గెజిట్‌లో వేయాలి. ముత్తాతల కోసం గెజిట్లు వెతికేవాళ్ళు గర్వంగా బయల్దేరి ఐపీ దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉందన్నమాట.

కానీ ఆ రెండు వారాలు దండగ కాలేదు. 1940లలో ఏం జరుగుతోందో తెలిసింది. 1942లో జపాన్ బర్మాని ఆక్రమించాక బర్మా బియ్యం ఆగిపోయింది. మద్రాసు ప్రభుత్వం ధాన్యం సేకరణ, రేషనింగ్ పెట్టింది. ధాన్యం కొని అమ్ముకునేవాళ్ళకి గడ్డు రోజులు. ఇది అప్పుడు నాకు జనరల్ నాలెడ్జ్‌లాగే అనిపించింది.

అసలు సరుకు ఉన్నది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి ఆఫీసుకి వెళ్ళి, ఊరు, సర్వే నంబరు, ఏయే సంవత్సరాలు కావాలో రాసి, ఫీజు కట్టి వెతికించుకోవాలి. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం భూముల దస్తావేజులుండే ఒకటో బుక్కు, దాని ఇండెక్సులు ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. మనది కాని పొలమైనా సరే. వీలునామాల బుక్కు మాత్రం అంత తేలిగ్గా చూడనివ్వరు.

సర్వే నంబరు కోసం తాతయ్య పాస్‌బుక్ తీశాను. మాకు మిగిలింది 112/2బి. ఇక్కడ నాకు నిజంగా మతిపోయింది. మొదట 112 ఒక్కటే. అన్నదమ్ములు పంచుకుంటే 112/1, 112/2. మళ్ళీ పంచుకుంటే 2ఎ, 2బి. డేటా స్ట్రక్చర్స్‌లో చదివిన ట్రీ ఇదే కదా! పొలం ఎలా చీలిందో కుటుంబం కూడా అలాగే చీలింది. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరు ఒకటుంది. ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి కాబట్టి దాన్ని డైగ్లాట్ అంటారు. అందులో పాత నంబరు, కొత్త నంబరు, పట్టాదారు పేరు ఉంటాయి. 112కి ఎదురుగా మా ముత్తాత తండ్రి పేరు ఉంది. మా ఇంట్లో ఎవరికీ గుర్తులేని పేరు అది. ఇప్పుడు రీసర్వే అయిన ఊళ్ళలో పాత నంబర్ల బదులు ఎల్‌పీఎం నంబర్లు వస్తున్నాయి. మీ పాత సర్వే నంబరు ఎక్కడన్నా రాసి పెట్టుకోండి. తెలంగాణ ఫ్రెండ్స్‌కి దారి వేరు. 1954–55 ఖాస్రా పహాణీ, అంతకు ముందు సేత్వార్ చూడాలి. నిజాం కాలపు కాగితం ఉర్దూలో ఉంటుంది, చదివిపెట్టే పెద్దాయన్ని ముందే వెతుక్కోండి.

చదివిపెట్టేవాళ్ళు నాకూ కావాల్సొచ్చింది. దస్తావేజు తెలుగులోనే ఉంది గానీ గొలుసుకట్టు రాత, కలం ఎత్తకుండా లైనంతా ఒకే తీగలా సాగుతుంది. ఆఫీసు బయట ఒక డాక్యుమెంట్ రైటర్ గారు, “ఇటివ్వండి బాబూ” అని తీసుకుని, పేపరు చదివినంత తేలిగ్గా చదివేశారు. ఎకరానికి ‘య’ అని రాస్తారని, ‘నిశానీ’ అంటే వేలిముద్ర అని, ‘దస్తూరి’ అంటే రాసినవాడి పేరని ఆయనే చెప్పారు. ఇలాంటి కాగితంలో అమ్మినవాడి పేరుతోపాటు తండ్రి పేరు, ఊరు, వృత్తి ఉంటాయి. నాలుగు హద్దుల్లో పక్క పొలాలవాళ్ళ పేర్లు, చివర సాక్షులు. ఒక్క దస్తావేజులో సగం వీధి దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ముందు దస్తావేజు నంబరు కూడా రాస్తారు. లింక్డ్ లిస్టే. ఒక నోడ్ దొరికితే దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్ళిపోవడమే.

మాకు దొరికిన నోడ్ 1946 నాటి విక్రయ దస్తావేజు. అమ్మినవాళ్ళు ఇద్దరు. ఒకటి, పెద్దాయన. రెండు, మా ముత్తాత, తన తరఫున, తన ‘మైనరు కుమారుని’ తరఫున. ఆ మైనరు మా తాతయ్య. వచ్చిన డబ్బులో దాదాపు అంతా 1941 తాకట్టు బాకీకి చెల్లు. వెనక్కి వెళ్ళి ఆ 1941 కాగితం తీయించాం. ఉమ్మడి పొలం తాకట్టు పెట్టింది దేనికి? ‘మాలో రెండవవారి ధాన్యం వ్యాపారం పెట్టుబడి నిమిత్తం.’

రెండవవారు అంటే మా ముత్తాత.

నేను ఇంకా నమ్మలేదు. అమాయకుడు కదా, ఏదో రాసి సంతకం పెట్టించుకుని ఉంటారు అనుకున్నాను. డాక్యుమెంట్ రైటర్ గారు చివరి పేజీ మీద వేలు పెట్టి చూపించారు. రిజిస్టరులో పెద్దాయన పేరు దగ్గర నిశానీ అని ఉంది. మా ముత్తాత పేరు దగ్గర వ్రాలు, అంటే సంతకం. చదవడం రాని ఆయన్ని మేము 80 ఏళ్ళుగా గడుసువాడు అంటున్నాం.

దస్తావేజులో రాసిందంతా నిజమని నేను అనడం లేదు. రాయించేవాళ్ళకి అనుకూలంగా కారణాలు రాయించుకోవడం అప్పుడూ ఉంది. ధాన్యం కంట్రోళ్ళ వల్లే ముత్తాత వ్యాపారం పోయిందన్నది కూడా నా ఊహే, కాగితంలో లేదు. కానీ అన్నగారు తన వాటా కూడా పోగొట్టుకున్నారన్నది ఊహ కాదు. ఆ పొలంలో సగం ఆయనది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇంత వెతికినా మా ముత్తవ్వ పేరు ఒక్క ప్రభుత్వ కాగితంలో కూడా లేదు. చివరికి మా అటక మీద ఇత్తడి బిందె మీద దొరికింది, పెళ్ళిలో పెట్టినప్పుడు చెక్కించిన పేరు. 1951–52 మొదటి ఎన్నికల జాబితాల తయారీలో దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యని, ఫలానావారి కూతుర్ని అన్నందుకు వాళ్ళ పేర్లు తీసేశారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళే అయినా, బిందె చూశాక నాకు ఆ లెక్క దూరంగా అనిపించలేదు. మా రూమ్మేట్ పరిస్థితి ఇంకోటి. వాళ్ళ తాతలు కూలీలు, భూమి లేదు. నేను చెప్పిన రిజిస్టర్లలో వాళ్ళు ఒక్క చోట కూడా ఉండరు. వాడి కోసం స్కూలు అడ్మిషన్ రిజిస్టరు ప్రయత్నించాం, తాత పేరు దగ్గర ఆగాం. విచిత్రం ఏమిటంటే అలాంటి కూలీలే ఓడెక్కి నేటాల్ వెళ్ళి ఉంటే పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా రాసేవారు. మద్రాసు నుంచి ట్రూరో అనే మొదటి ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. పారిపోతే పట్టుకోవాలి కదా, అందుకే అంత శ్రద్ధ.

నకలు ఇంటికి తెచ్చి మూడు రోజులు బీరువాలో దాచాను. నాన్నకి చూపిస్తే, “ఈ వయసులో ఆయనకెందుకురా ఇప్పుడు” అన్నాడు. నాకూ అదే అనిపించింది. నాలుగో రోజు తాతయ్యే అడిగాడు, “ఏరా, ఆఫీసుల చుట్టూ తిరిగావు, ఏం తేలింది?” అని. చదివి వినిపించాను. ‘మైనరు కుమారుడు’ దగ్గర తన పేరు వచ్చినప్పుడు కొంచెం నవ్వాడు. నిశానీ దగ్గర మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడుచుకుంటూ చాలాసేపు ఏమీ అనలేదు. మామ్మ వచ్చి కాఫీ పెట్టి వెళ్ళింది, అది చల్లారిపోయింది.

సాయంత్రం పిలిచి, “ఇంకో కాపీ తీయించు” అన్నాడు. “ఆ మెకానికల్ కుర్రాడు మీ కాలేజీయేగా?”

కాలేజీ తెరిచిన మొదటి వారం క్యాంటీన్‌లో అన్నయ్యకి ఇచ్చాను. రెండు పేజీలు చూసి, “ఇదేం లిపిరా, నాకు రాదు” అన్నాడు. పక్కన కూర్చుని చదివి వినిపించాను. వాళ్ళింట్లో ఈ పొలం గురించి అసలు కథే లేదట, మేమెందుకు మాట్లాడమో వాళ్ళకి తెలియదట. ఈ వ్యాసం వేసుకోమని ఒప్పుకున్నది కూడా ఆయనే, ఊరి పేరు రాయకూడదని చెప్పి. దసరాకి ఇద్దరం ఒకే బస్సులో వెళ్తున్నాం.