ఓడలో సిగ్నల్ పోయిన రాత్రి

మేముండే షెట్లాండ్ దీవులు స్కాట్లాండ్‌కు ఉత్తరాన, నడి సముద్రంలో ఉంటాయి. జనాభా సుమారు 23 వేలు. లెర్విక్ రేవులో సాయంత్రం 7 గంటలకు ఓడ ఎక్కితే మర్నాడు ఉదయం 7 గంటలకు అబర్డీన్‌లో దిగుతాం. విమానాలున్నాయి కానీ పొగమంచు పట్టినా, గాలి లేచినా ఆగిపోతాయి. కారుతో వెళ్ళాలంటే ఓడ తప్ప దారి లేదు. పెద్దాసుపత్రికి వెళ్ళే రోగులు, సెలవులకు ఇంటికొచ్చే కాలేజీ పిల్లలు, చేపల లారీలు, అందరికీ రోడ్డు అదే.

మొన్న జనవరిలో మా అబ్బాయిని స్పెషలిస్టుకు చూపించడానికి ఆ ఓడ ఎక్కాను. అదే రాత్రి రాజమండ్రిలో నాన్నగారి గుండెకు స్టెంట్ వేయాలి. “ఉదయం ఏడింటికి లోపలికి తీసుకెళ్తారక్కా” అన్నాడు తమ్ముడు. అక్కడ ఉదయం 7 అంటే ఇక్కడ రాత్రి ఒకటిన్నర. ఓడలో ఉచిత వైఫై ఉంది కదా, వీడియోలో అందరినీ చూస్తూ కూర్చోవచ్చు అనుకున్నాను.

రేవు దాటిన కాసేపటికి ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే పోయాయి. వైఫై ఉన్నట్టే చూపిస్తోంది, కానీ పేజీ తెరుచుకోదు. వాట్సాప్‌లో నేను పెట్టిన మెసేజ్‌కి ఒక్క టిక్కూ పడలేదు. ఓడ ఊగుతోంది, అబ్బాయి నిద్రపోయాడు, నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

డిగ్రీలో ఫిజిక్స్ చదివాను కాబట్టి, ఇంటికొచ్చాక ఇది ఎందుకిలా అవుతుందో కూర్చుని లెక్కలు వేసుకున్నాను. ఒడ్డున ఉన్న సెల్ టవర్ సిగ్నల్ దాదాపు తిన్నగా వెళ్తుంది. భూమి గుండ్రం. 30 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే సముద్రం సుమారు 20 కిలోమీటర్ల దాకానే కనిపిస్తుంది. ఓడ మీద యాంటెన్నా కూడా ఎత్తుగా ఉంటే ఇంకొంత దూరం పనిచేస్తుంది. లెర్విక్ నుంచి అబర్డీన్ 300 కిలోమీటర్లకు పైనే. అందుకే నడి సముద్రంలో ఉపగ్రహమే దిక్కు.

పాత తరహా ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మన ప్రశ్న పైకెళ్ళి కిందికి రావాలి, జవాబు కూడా అలాగే రావాలి. వెలుతురు వేగంతో వెళ్ళినా దానికే అర సెకను పడుతుంది. మరో చిక్కు కూడా ఉంది. హైదరాబాద్‌లో డాబా మీద టీవీ డిష్ దాదాపు 70 డిగ్రీల ఎత్తుకు, ఆకాశంలోకి చూస్తుంటుంది. షెట్లాండ్ 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ ఆ ఉపగ్రహాలు 22 డిగ్రీల ఎత్తుకు మించి కనిపించవు. కొండ అడ్డొచ్చినా, ఓడ పొగగొట్టం అడ్డొచ్చినా సిగ్నల్ పోతుంది. ఊగే ఓడ మీద ఆ డిష్‌ని క్షణక్షణం తిప్పుతూ ఉపగ్రహం వైపే నిలపాలి. ఓడల పైన కనిపించే తెల్లటి గుమ్మటాల లోపల జరిగేది ఆ పనే.

స్టార్‌లింక్ లాంటి కొత్త ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి. ఆలస్యం బాగా తగ్గింది, వేగం పెరిగింది. అయినా ఓడకు వచ్చే కనెక్షన్‌ని వందల మంది పంచుకోవాలి. పది మంది సినిమాలు పెట్టుకుంటే పదకొండో వాడి మెసేజ్ ఆగిపోవచ్చు. నా మటుకు నాకు ఓడలో సినిమా అక్కర్లేదు. చిన్న మెసేజ్‌లకూ మాటలకూ ముందు దారి ఇచ్చి, మిగిలింది వీడియోలకు పంచితే చాలు. నెట్‌వర్క్ పరికరాల్లో ఆ ఏర్పాటు చేయడం కొత్త విద్య కాదు. సరదాకి వచ్చే పర్యాటకులకు ఓడలో ఇంటర్నెట్ సౌకర్యం. దీవిలో ఉండేవాళ్ళకు అది అవసరం.

ఇంట్లో ఉంటే బాధ లేదనుకోకండి. 2022 అక్టోబర్‌లో సముద్రం అడుగున ఉన్న కేబుల్ తెగి షెట్లాండ్ అంతటా ఫోన్లు, ఇంటర్నెట్ దెబ్బతిన్నాయి. దుకాణాల్లో కార్డులు పనిచేయలేదు. సాయం కావాల్సిన వాళ్ళకి కనబడాలని పోలీసులు వీధుల్లో తిరిగారు. కొన్ని గంటల పాటు దీవి మొత్తం ఓడలో ఉన్నట్టే అయింది.

ఆ రాత్రి నాలుగు గంటలకు, జనమంతా నిద్రలో ఉన్నప్పుడు, ఫోన్ ఒక్కసారి మోగింది. తమ్ముడు పంపిన వీడియో తెరుచుకోలేదు, ఫొటో మసకగానే ఉండిపోయింది. కింద మూడు మాటలు మాత్రం వచ్చాయి: “అయిపోయింది. నాన్న బాగున్నారు.” తర్వాత తెలిసింది, అక్కడ అమ్మ నా ఫోన్ కలవక, ఓడకేమైందోనని ఏడ్చిందట. ఓడలో కెప్టెన్ వాడే రేడియోలు వేరు, మన వైఫై వేరు. మన ఫోన్ మూగబోయినంత మాత్రాన ఓడకు ప్రమాదం వచ్చినట్టు కాదు. ఆ మాట ముందే అమ్మకు చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు ఓడ ఎక్కే ముందు మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. టికెట్లు, ఆసుపత్రి ఉత్తరాలు, పిల్లాడి పాటలు ముందే ఫోన్‌లోకి దించుకుంటాం. కొన్ని ఓడల్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, దానికి ఫోన్ తగులుకుంటే బిల్లు వాచిపోతుంది కాబట్టి రోమింగ్ ఆపేస్తాం. “రేపు మీకు మధ్యాహ్నం ఒంటిగంట దాకా నా నుంచి కబురు రాకపోతే కంగారు పడకండి” అని ఇంటికి చెప్తాం. ముఖ్యమైన కబురు ఏదున్నా వీడియోలో కాదు, రెండు ముక్కల్లో రాసి పంపమంటాం.

నాన్నగారు ఇప్పుడు రోజూ సాయంత్రం గోదావరి గట్టు మీద నడుస్తున్నారు. మొన్న నేను మళ్ళీ ఓడ ఎక్కుతున్నానని చెప్తే, వీడియో కాల్ చేయడం మానేసి తనే ఓపిగ్గా టైపు చేశారు: “జాగ్రత్తమ్మా. దిగాక చెప్పు.” ఒడ్డు వదలక ముందే రెండు టిక్కులూ పడ్డాయి.