పాస్ మార్కులు పదే!

మీకు తెలుసా? హెపటైటిస్-బి టీకాలో అసలు వైరసే ఉండదు! ఉండేది వైరస్ పైపొరలోని ఒకే ఒక్క ప్రోటీన్. పెద్దవాళ్ల డోసులో మామూలుగా 20 మైక్రోగ్రాములు. అంటే గ్రాములో యాభై వేలో వంతు! ఆ కాస్తకే ఒళ్లంతా అప్రమత్తం!

మీకు తెలుసా? 1981లో అమెరికాలో అనుమతి పొందిన తొలి టీకాను ఈ వైరస్ సోకినవాళ్ల రక్తం నుంచే శుద్ధి చేసి తీశారు! అయిదేళ్లకు ఆ ప్రోటీన్ తయారీ పని ఈస్ట్‌కి అప్పగించారు. జన్యు ఇంజినీరింగ్‌తో మనుషులకు తయారైన మొట్టమొదటి టీకా అదే.

మరి మన దేశంలో తొలిసారి ఎక్కడ తయారైందో తెలుసా? హైదరాబాద్‌లో! 1997లో శాంతా బయోటెక్నిక్స్ 'షాన్‌వాక్-బి' తెచ్చింది. దిగుమతి టీకా వందల రూపాయలు పలికే రోజుల్లో దీని ధర యాభై రూపాయల దగ్గర! కంపెనీ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు డాక్టరనుకుంటున్నారా? కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు! భలే కదూ!

టీకా పనిచేసిందో లేదో తేల్చే పరీక్షకు పాస్ మార్కులు ఎన్నో తెలుసా? పదే! మిల్లీలీటరు సీరంలో 10 మిల్లీ యూనిట్ల యాంటీబాడీలుంటే గట్టెక్కినట్టే. కొందరికైతే వేలల్లో వస్తాయి! మూడు డోసులయ్యాక పసిపిల్లల్లో నూటికి 95 మందికి పైగా పాస్. ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లో కూడా నూటికి అయిదు నుంచి పది మంది దాకా తప్పుతారు. నలభై దాటిన వయసు, ఊబకాయం, సిగరెట్... మూడూ మార్కులు కోసేవే. కంగారొద్దు, సప్లిమెంటరీ ఉంది! మళ్లీ మూడు డోసులు వేస్తే వాళ్లలోనూ చాలామంది పాసవుతారు.

మీకు తెలుసా? అదే మందు జబ్బకి కాకుండా పిరుదుకి పొడిస్తే యాంటీబాడీలు తగ్గుతాయి! సూది కండను చేరకుండా కొవ్వులో ఆగిపోవడమే కారణమట. పెద్దలూ, చొక్కా చెయ్యి పైకి మడవండి!

మీకు తెలుసా? ఏళ్లు గడిచాక యాంటీబాడీలు పదికి దిగువకు జారినా రక్షణ పోదు! జ్ఞాపక కణాలు వైరస్ మొహం కనీసం 30 ఏళ్లు మరిచిపోవు. మనకేమో నిన్నటి కూరే గుర్తుండదు!

టీకా వేయించుకున్న కొత్తలో రక్తపరీక్ష చేస్తే 'హెపటైటిస్-బి పాజిటివ్' రావచ్చని తెలుసా? అది టీకాలోని ప్రోటీనే! 18 రోజుల దాకా కనిపించవచ్చు. ల్యాబ్‌లో ముందే చెప్పండి, గుండెలు జారకుండా ఉంటాయి!

1984లో తైవాన్ పసికందులకు ఈ టీకా మొదలెట్టింది. పిల్లల్లో ఈ వైరస్ వల్ల వచ్చే కాలేయ క్యాన్సరే తగ్గిపోయింది! సూదితో క్యాన్సర్‌కి అడ్డుకట్ట!

ఇంకోటి తెలుసా? హెపటైటిస్-డి వైరస్ 'బి' తోడు లేనిదే బతకలేదు. 'బి'ని ఆపితే 'డి' కూడా ఔట్! దానికి వేరే సూది అక్కర్లేదు!